కొల్లేటి చాంతాడు: చేసిన పనిని తిరిగి చూసుకోవడం గురించి

1

ఎంతకూ తెగని వ్యవహారాన్ని మనవాళ్లు 'కొల్లేటి చాంతాడు' అంటారు. ఆ మాట ఎలా పుట్టినా సరే, గత 180 ఏళ్లలో కొల్లేటి చుట్టూ జరిగిన పనులనూ, వాటి బాగోగులపై వెలువడిన నివేదికలనూ వరసబెట్టి చూసినవాడికి ఈ నానుడిలో మరో అర్థం స్ఫురిస్తుంది. ఆనకట్ట వచ్చింది. కాలువలు వచ్చాయి. మురుగు కాలువలు వచ్చాయి. సహకార సంఘాల చేపల చెరువులు వచ్చాయి. ఆ చెరువులున్న సరస్సే అభయారణ్యమయింది. పని వెనుక పని, దాని వెనుక విచారణ, ఆ వెనుక నివేదిక. తాడు పొడుగవుతూనే వుంది. చేదలోకి నీళ్లు మాత్రం రావడం లేదు.

దీనికి కారణం మనకు ఇంజనీర్లు లేకపోవడమా? కాదు. డబ్బు లేకపోవడమా? అది కొంతవరకే నిజం. చేసిన పనిని తిరిగి చూసుకునే విద్య మనకు ఇంకా పట్టుబడకపోవడం, పట్టుబడిన చోట కూడా అది కొద్దిమంది చేతుల్లోనే వుండిపోవడం దీనికి ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో దాన్ని కొల్లేటి చరిత్ర ఆధారంగా నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

సింహం నాలుగడుగులు ముందుకు వేసి, ఒకసారి ఆగి, నడిచివచ్చిన దారిని వెనుదిరిగి చూస్తుందట. మన పెద్దలు దాన్ని సింహావలోకనం అన్నారు. కార్యాలయాల్లో దాన్ని సమీక్ష అంటున్నారు. సాఫ్టువేరు కంపెనీల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు 'రెట్రాస్పెక్టివ్' అంటారు. పేరు ఏదయినా అడగవలసిన ప్రశ్నలు నాలుగే. ఏమి జరిగింది? అలా ఎందుకు జరిగింది? ఇకమీదట ఏమి మార్చుకుంటాం? ఆ మార్పు ఎవరు, ఎప్పటిలోగా చేస్తారు? అయితే ఈ నాలుగింటి కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది: వెనుదిరిగి చూడడానికి కూర్చున్నవారెవరు? కొల్లేటి చరిత్ర యావత్తూ ఈ ఐదో ప్రశ్నకు వ్యాఖ్యానంగా నిలుస్తుంది.

2

గోదావరి డెల్టా ఆధునిక చరిత్ర ఒక సమీక్షతోనే మొదలయింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు దిగజారింది. నడుమ 1833 నాటి ఘోర క్షామం వుంది. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో ఎందరో ఊళ్లు విడిచిపోయారు. ఈ దుస్థితి కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించిందంటే అందుకు కారణం కరుణ ఒక్కటే కాదు, శిస్తు రాబడి పడిపోవడం కూడా. కారణాలు విచారించడానికి సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపారు. 1844 నాటి ఆయన నివేదిక నీటి వనరుల వైపు వేలు చూపింది. ఆ వెనుకనే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 1847లో పని ప్రారంభమయి 1852లో పూర్తయింది.

కాటన్‌ను దేవుణ్ణి చేసేవారు చేస్తారు, సామ్రాజ్యవాద సేవకుడని తీసిపారేసేవారు తీసిపారేస్తారు. మన చర్చకు పనికివచ్చేది ఆయనలోని మరో గుణం. ఆయనకు వెనుదిరిగి చూసే అలవాటు వుంది. గోదావరికి రాకముందు, 1836లో, తమిళనాట కొల్లిడం పాయ మీద ఆనకట్టలు కట్టించాడు. ఇసుక నేల మీద రాతికట్టను ఎలా నిలబెట్టాలో తమకు నేర్పింది కల్లణైని కట్టిన పాతకాలపు పనివాళ్లేనని దాచుకోకుండా చెప్పాడు. కొల్లిడం మీద ఆనకట్ట పడిన తర్వాత నీరు కావేరి పాయలోకి అతిగా మళ్లి అక్కడ అడుగు కోసుకుపోసాగింది. దాంతో ఆ పాయకు కూడా అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. తన పని తెచ్చిపెట్టిన చెరుపును చూడగలగడం, చూసి దిద్దుకోవడం — ఈ పాఠం ధవళేశ్వరం కట్టకముందే ఆ ఇంజనీర్లకు అందింది.

మరి అదే పాఠం కొల్లేటి దగ్గర ఎందుకు పనిచేయలేదు? కొల్లేటి ఉనికిని గుర్తుకు తెచ్చుకుంటే సంగతి బోధపడుతుంది. కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ ఎత్తుపెరుగుతూ వచ్చి, నడుమ ఒక పళ్లెంలాంటి పల్లాన్ని మిగిల్చాయి. అదే కొల్లేరు. ఎగువ నుంచి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు అందులో పడతాయి. సముద్రానికి పోవడానికి వున్న దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది వంకరలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు నడిచి కడలిలో కలుస్తుంది. 1852 నాటికి గోదావరి ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. రెండు నదుల కాలువలు ఏలూరులో కలిశాయి. గోదావరిలో ఎక్కిన పడవ ఏలూరు మీదుగా కృష్ణకు చేరేది. కాలువ నీరు పొలాలకు పారి, మిగిలింది మురుగుగా ఎక్కడికి పోవాలి? పల్లానికే, అంటే కొల్లేటికే.

తాడేపల్లిగూడెం వైపు వెళ్లిన విద్యార్థులు నందమూరు అక్విడక్టు దగ్గర ఒకసారి ఆగి చూడాలి. మన్యం వైపు నుంచి దిగివచ్చే ఎర్రకాలువ అక్కడ ఏలూరు కాలువకు అడ్డంగా వస్తుంది. పైన కాలువ, కింద ఏరు. మనిషి తవ్విన దారి తూర్పు పడమరలుగా, ప్రకృతి తవ్విన దారి ఉత్తర దక్షిణాలుగా. ఈ రెండు దారులు ఒకదాన్నొకటి దాటే చోటల్లా వానాకాలం రైతుకు పరీక్షే. ఆ ఏరే దిగువన యనమదుర్రు డ్రెయిను అవుతుంది. ఎర్రకాలువ పొంగిన ప్రతిసారీ చుట్టుపక్కల సార్వా చేలు మునగడం ఆ ఊళ్లవారికి కొత్త కాదు.

ఇక్కడే వర్గదృష్టి అవసరమవుతుంది. సాగునీటి కాలువ శిస్తు తెస్తుంది. మురుగు కాలువ శిస్తు తేదు. పరదేశి ప్రభుత్వం తన పనిని తిరిగి చూసుకున్నప్పుడల్లా ఎదురుగా పెట్టుకున్నది జమాబందీ లెక్కల పుస్తకం. ఆ పుస్తకం ప్రకారం పని దిగ్విజయం. మునిగిన చేనుకు అందులో ప్రత్యేకమైన గడి లేదు. కాటన్‌కు సహాయకుడుగా వేలాది కూలీలను సమీకరించిన వీణెం వీరన్న పేరు చరిత్రలో మిగిలింది; ఆ కూలీల పేర్లు మిగలలేదు. వాళ్లు రాళ్లు మోశారు గాని, పని ఎలా సాగిందో చెప్పే చోట వాళ్లకు పీట లేదు. కొలబద్ద ఎవరి చేతిలో వుంటే సమీక్ష వారి లాభనష్టాలనే కొలుస్తుంది. ఇది మొదటి పాఠం.

3

దొరలు పోయారు. స్వతంత్ర ప్రభుత్వం వచ్చింది. 1964లో డెల్టాను వరదలు ముంచెత్తాయి. మురుగునీటి సమస్యను సమగ్రంగా పరిశీలించడానికి ఏ.సి. మిత్ర అధ్యక్షతన నిపుణుల సంఘం ఏర్పడింది. నేటికీ డెల్టా రైతులు దాన్ని 'మిత్ర కమిటీ' అనే పిలుస్తారు. ఉప్పుటేరును వెడల్పు చేయడం, నీరు సముద్రానికి సూటిగా పోయే దారి చూడడం, బుడమేరు వరదను కొల్లేటిలోకి రానీయకుండా కృష్ణలోకి మళ్లించడం, మురుగు కాలువలను బాగుచేయడం — ఇవీ ఆ సూచనల సారాంశం. 1968లో డెల్టా భూములపై డ్రెయినేజీ సెస్సు విధిస్తూ చట్టం కూడా వచ్చింది.

మిత్ర కమిటీని తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. సమస్యను ముక్కలుగా కాక ఒక మొత్తంగా చూడడంలో ఆ కమిటీ చూపిన దృష్టి మెచ్చదగినది. మరి లోపం ఎక్కడుంది? సూచనలు చేసినవారు ఒకరు, డబ్బు కేటాయించేవారు వేరొకరు, పని చేయించేవారు ఇంకొకరు, సెస్సు కట్టేవారు మరొకరు. ఏయే సూచన ఏయే సంవత్సరంలోగా ఎవరి బాధ్యత మీద పూర్తికావాలో, పూర్తికాకపోతే జవాబు చెప్పేదెవరో తేల్చి, ఏటేటా అందరి ఎదుటా చదివే ఏర్పాటు లేదు. కొన్ని పనులు జరిగాయి, కొన్ని సగంలో ఆగాయి, కొన్ని కాగితం మీదనే వుండిపోయాయి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గట్లు తెగి బెజవాడ నగరంలోని పెద్ద భాగం రోజుల తరబడి నీటిలో వుంది. ఆ నీరు పల్లానికి దిగి కొల్లేటి ఊళ్లను చుట్టుముట్టింది. అప్పుడు మళ్లీ మిత్ర కమిటీ మాట వినవచ్చింది. ఒక సమీక్ష 60 ఏళ్ల తర్వాత కూడా గుర్తుకువస్తున్నదంటే అది దాని గొప్పతనానికి నిదర్శనమే. అంతకంటే ఎక్కువగా మన వైఫల్యానికి నిదర్శనం. సూచనలు ఎన్ని వున్నాయన్నది సమీక్షకు గీటురాయి కాదు. కిందటిసారి అనుకున్నదానిలో ఎంత జరిగిందన్నదే గీటురాయి. ఇది రెండో పాఠం.

4

మూడో పాఠం అన్నిటికంటే చేదయినది, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతో మొదలయిన పని.

నీరు తగ్గిన కాలంలో కొల్లేటి నేలలో వరి వేసేవారు. వరదొస్తే అది పోయేది. లంక గ్రామాల మత్స్యకారులకూ దళితులకూ స్థిరమైన బతుకుదెరువు చూపాలని 1976 ప్రాంతంలో ప్రభుత్వం వారిచేత సహకార సంఘాలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించే పథకం ప్రారంభించింది. సహకార పద్ధతి, పేదలకు భూమి మీద హక్కు, శాస్త్రీయమైన చేపల పెంపకం — అభ్యుదయ దృష్టి గల ఎవరయినా హర్షించే పథకమే.

కాని చెరువు తవ్వడంతో సరిపోదు. చేపపిల్ల కొనాలి. మేత కొనాలి. గట్టు కొట్టుకుపోతే మళ్లీ వేయాలి. శీలావతి, బొచ్చె ఎదిగివచ్చేదాకా నెలల తరబడి ఇల్లు గడవాలి. ఇందుకు కావలసిన పెట్టుబడి సంఘ సభ్యుడి దగ్గర లేదు. బయటి ఆసామి దగ్గర వుంది. మొదట అప్పు రూపంలో, తర్వాత లీజు రూపంలో ఆ పెట్టుబడి చెరువు గట్టెక్కింది. హక్కు సంఘానిది, లాభం లీజుదారుది. సంఘ సభ్యుడు తన చెరువు మీదనే కాపలాదారుగా, పట్టుబడి రోజు కూలీగా మారాడు. చేపలు మంచుపెట్టెల్లో లారీలెక్కి దూరదేశపు మార్కెట్లకు పోయాయి. సహకారం అనే పేరుతో మొదలయినది పెట్టుబడిదారీ సాగుగా పరిణమించింది. గట్ల మీద గట్లు లేచి నీటి నడకను ఆపాయి. వలసపక్షులకు తావు తగ్గింది. మేతలు, మందులు, ఎగువ పట్టణాల మురుగు నీటిలో చేరాయి.

ఇది ఒక్క రోజులో జరగలేదు. మొదటి లీజు కాగితం మీద వేలిముద్ర పడిన రోజున సంఘ సర్వసభ్య సమావేశంలో 'ఇలా ఎందుకు చేయవలసి వచ్చింది?' అని ఎవరయినా అడిగివుంటే సమాధానం తేలికగానే దొరికేది: మేతకు అప్పు దొరకలేదు. ఆ సమాధానం ప్రభుత్వానికి చేరివుంటే పథకంలోని లోపం బయటపడేది. పత్రాల మీద సమావేశాలు జరిగాయి గాని, పనిని వెనుదిరిగి చూసే సమావేశాలు జరగలేదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1999లో 5 అడుగుల మట్టం వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేరకు, కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్ద ఎత్తున పగలగొట్టించారు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని 3 అడుగుల మట్టానికి కుదించాలని తీర్మానించింది. ఆ విషయం తేల్చడానికి పి.ఏ. అజీజ్ నాయకత్వాన ఏర్పడిన కేంద్ర నిపుణుల సంఘం 2011లో నివేదిక ఇచ్చింది, కుదింపును సమర్థించలేదు. ఈలోగా పగలగొట్టిన గట్లలో కొన్ని మళ్లీ లేచాయి.

లంకవాసి వైపు నిలబడి ఈ క్రమాన్ని చూడండి. 1976లో ప్రభుత్వమే వచ్చి 'తవ్వు' అన్నది. 30 ఏళ్ల తర్వాత అదే ప్రభుత్వం యంత్రాలతో వచ్చి 'పూడ్చు' అన్నది. నడుమ ఒక్కనాడయినా అతణ్ణి కూర్చోబెట్టి 'మనం కలిసి మొదలుపెట్టిన పని ఎలా సాగుతున్నది?' అని అడగలేదు. కాలంలో జరగని సమీక్షను కోర్టు తీర్పూ ప్రొక్లెయినరూ కలిసి చేశాయి. అలాంటి సమీక్షలో దోషి ఎవరో మాత్రమే తేలుతుంది. దోషం ఎక్కడ పుట్టిందో తేలదు. పెద్ద లీజుదారు పెట్టుబడిని మరోచోటికి మళ్లించుకుంటాడు. లంకలో వుండేవాడు లంకలోనే వుండిపోతాడు.

పర్యావరణం ముఖ్యమా, పేదల బతుకు ముఖ్యమా అనే చర్చ మన పత్రికల్లో విరివిగా జరిగింది. అది తప్పుగా వేసిన ప్రశ్న. రెండింటినీ దెబ్బతీసింది ఒకే కారణం: పని దారితప్పుతున్నప్పుడు ముందుగా గుర్తుపట్టగలవాడి నోటికి విలువ లేకపోవడం.

5

మన తెలుగుదేశంలో దీనికి భిన్నమయిన ప్రయత్నాలు జరగలేదా? జరిగాయి. వాటి బలాన్నీ బలహీనతనూ కూడా మనం గుర్తించాలి.

1980 ప్రాంతంలో హైదరాబాదు రామచంద్రపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో 'క్వాలిటీ సర్కిళ్లు' ప్రారంభమయ్యాయి. మన దేశంలో ఇవే మొదటివని చెబుతారు. జపాన్‌లో 1962 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు వారానికొకసారి కూర్చుని, తమ పనిలోని చిక్కులేమిటో, ఎలా విప్పాలో తామే చర్చించుకుంటారు. యంత్రం దగ్గర నిలబడేవాడికి యంత్రం గురించి చెప్పగల జ్ఞానం వుందని యాజమాన్యం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఒప్పుకోలు ఉత్పత్తి గుణం దగ్గరే ఆగిపోతుంది. ఉత్పత్తి ఫలం ఎవరికి చేరాలన్న ప్రశ్న సర్కిలు గీతకు బయటే వుంటుంది.

2001లో అమెరికాలో 17 మంది సాఫ్టువేరు నిపుణులు ఒక ప్రణాళికను ప్రకటించారు. జట్టు తరచుగా ఆగి, మరింత బాగా పనిచేయడమెలాగో ఆలోచించుకుని, తన తీరును సరిదిద్దుకోవాలన్నది అందులోని ఒక సూత్రం. నార్మన్ కెర్త్ అనే ఆయన అదే ఏడాది ఈ విషయం మీద పుస్తకమే రాశాడు. ఆయన పెట్టిన ప్రధాన నియమం మనం కూడా స్వీకరించదగినది. ఆనాడు తమకు తెలిసినంతలో, తమకున్న సాధనాలతో, ఆ పరిస్థితిలో ప్రతివారూ చేతనయినంత బాగానే పనిచేశారని నమ్మి చర్చ మొదలుపెట్టాలట. ఇది మెతకదనం కాదు. వ్యక్తిని బోనులో నిలబెడితే వాస్తవం దాక్కుంటుంది. వ్యక్తులను చుట్టుముట్టిన పరిస్థితులను బోనులో నిలబెట్టాలి. పరిస్థితులే చైతన్యాన్ని నిర్ణయిస్తాయని నమ్మే మనకు ఈ మాట కొత్తగా వినిపించనవసరం లేదు. ఆచరణలో మాత్రం మనం దీన్ని తరచూ మరిచిపోతాం.

డెల్టాకు దగ్గరగా వద్దాం. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసింది. రాష్ట్రమంతటా 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. రైతులూ ఇంజనీర్లూ కాలువ గట్టు వెంట కలిసి నడిచి, ఎక్కడ పూడిక పడింది, ఎక్కడ తూము విరిగింది అని చూసి పనుల జాబితా రాసే పద్ధతి వచ్చింది. బల్ల చుట్టూ కూర్చోవడం కంటే గట్టు వెంట నడవడం మేలయిన సమీక్ష. కాని ఓటు భూమి గల ఆసామిది. చేలో దిగే కూలీకీ, మురుగు చేరే దిగువ లంకలోని జాలరికీ ఆ నడకలో చోటు లేదు.

ఇంతకంటే ముందడుగు సామాజిక తనిఖీ. 2006లో జాతీయ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో మస్టర్లను ఊళ్లోనే చదివి, పనిచేసినవారినే సాక్షులుగా నిలిపి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి విచారించే పద్ధతి విస్తరించింది. కూలి చేసిన మనిషి లేచి 'ఆ రోజు నేను పనికి రాలేదండీ, నా పేరున డబ్బెవరు తీసుకున్నారు?' అని అధికారి ఎదుట అడగగలిగే చోటు అది. లోపాలు లేకపోలేదు. రుజువయిన సొమ్ములో తిరిగి వసూలయినదెంత అన్న ప్రశ్న అక్కడా వుంది. అయినా 1844 నుంచి మనం అడుగుతున్న ఐదో ప్రశ్నకు తొలిసారిగా సరయిన దిశలో సమాధానం వచ్చింది ఇక్కడే.

6

ఇవన్నీ ప్రభుత్వాల సంగతులు, మనకెందుకు అనుకోకూడదు. ఒక చిన్న స్వానుభవం చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా విద్యార్థులు 20 మంది కొల్లేటి లంకల్లో జాలరుల పలుకుబడులను సేకరించడానికి పూనుకున్నారు. పథకం నాది. ప్రశ్నావళి నేనే తయారుచేశాను. రోజు నేనే నిర్ణయించాను, ఆదివారం. మూడు ఆదివారాలు తిరిగి, దోనెలకు డబ్బు ఖర్చుపెట్టి, తెచ్చినది నాలుగు పేజీలు. తర్వాత జరిపిన సమావేశానికి నేనే అధ్యక్షుణ్ణి. గంటసేపు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. ఫలానావాడు ఆలస్యంగా వచ్చాడని, ఫలానా జట్టు కబుర్లలో పడిందని. ఒక అబ్బాయి ఆ రోజు నుంచి రావడం మానేశాడు. ఆ సమావేశం కొల్లేటిలో గట్లు పగలగొట్టిన తీరుకు చిన్న నమూనా అని నాకు తర్వాత అర్థమయింది.

రెండోసారి అలా చేయలేదు. మానేసిన అబ్బాయి ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాను. అధ్యక్షత ఒక విద్యార్థినికిచ్చి మొదటి అరగంట గది బయట కూర్చున్నాను. మాస్టారు ఎదురుగా వుంటే మాస్టారి తప్పు ఎవరు చెబుతారు? వాళ్లు ముందుగా అభిప్రాయాల జోలికి పోకుండా, ఏ రోజు, ఏ వేళకు, ఏ లంకలో ఏమి జరిగిందో నల్లబల్ల మీద వరసగా రాశారు. రాయగానే సగం సంగతి దానంతటదే తేలిపోయింది. ఆదివారం చేపల గిరాకీ రోజు. మేము దోనె దిగే వేళకు మాట్లాడగలవాళ్లెవరూ ఇంటి దగ్గర లేరు. నేను లోపలికి వెళ్లాక, లంక గ్రామం నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచింది. మొదటి సమావేశంలో ఆమె నోరు విప్పలేదు. "మాస్టారూ, 'మీ వృత్తి పదాలు చెప్పండి' అంటే మావోళ్లకేం తెలుస్తుందండీ? వల చేతికిచ్చి ఇదేంటి, అదేంటి అని అడిగితే ఆళ్లే చెబుతారండి" అన్నది. తెలుగు ఎమ్మే చదివిన నాకు తట్టని పద్ధతి అది. పథకం వేసిన రోజున ఆమెను అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఆ రోజు మూడే నిర్ణయాలు చేశాం. ఆదివారం బదులు మరో రోజు వెళ్లాలి. అచ్చు కాగితం వదిలి వలలూ మావులూ చూపించి అడగాలి. రాసుకున్నది తిరిగి తీసుకెళ్లి చెప్పినవాళ్లకు చదివి వినిపించాలి. ప్రతి నిర్ణయం పక్కనా ఒక పేరు, ఒక తేదీ. తర్వాతి సమావేశం ఆ మూడింటినీ చదవడంతో మొదలయింది. రెండు జరిగాయి. చదివి వినిపించడం జరగలేదు. తెచ్చుకోవడం మీద వున్న శ్రద్ధ తిరిగి ఇవ్వడం మీద లేదని మాకు మేమే ఒప్పుకోవలసి వచ్చింది. లంకల నుంచి సరుకు పోవడమే గాని లెక్క తిరిగి రాకపోవడం గురించి పాఠాలు చెప్పే నేను కూడా అదే పని చేశానన్నమాట.

7

పై చర్చ నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. సమీక్షలో పని చేసినవారూ, పని ఫలితం అనుభవించేవారూ ఇద్దరూ వుండాలి. ఒకరు లేకపోయినా అది సగం చూపే. వాస్తవాల వరస ముందు, అభిప్రాయాలు తర్వాత. వ్యక్తి మీద తీర్పు కాదు, పరిస్థితి మీద పరిశీలన. కాని పరిస్థితి పేరు చెప్పి దోపిడీని కప్పిపెట్టడం కూడా కాదు. మేతకు అప్పు పుట్టక లీజుకిచ్చిన జాలరినీ, ఆ లీజుతో గడించిన ఆసామినీ ఒకే త్రాసులో తూచేది సమీక్ష కాదు. బాగా జరిగినదాన్ని కూడా గుర్తించాలి, లేకపోతే రేపు దాన్ని కూడా చేజార్చుకుంటాం. నిర్ణయాలు కొద్దిగా వుండాలి; పక్కన పేరూ తేదీ వుండాలి. తర్వాతి సమావేశం వాటితోనే మొదలుకావాలి. పని పూర్తిగా చెడేదాకా ఆగకుండా, నడుస్తుండగానే నిర్ణీత కాలాల్లో కూర్చోవాలి.

ఇవి ఉద్యోగసంఘానికీ, విద్యార్థి సంఘానికీ, పత్రిక నడిపేవారికీ, నాటక సమాజానికీ సమానంగా వర్తిస్తాయి. ఆత్మవిమర్శ అనే మాటను మనం ఎంతో గౌరవంగా వాడతాం. అది నాయకుడు వేదికెక్కి చేసే ఒప్పుకోలుగానో, కిందివాడి చేత బలవంతాన చేయించే ఒప్పుకోలుగానో మిగిలిపోతే ప్రయోజనం లేదు. అది అందరూ కూర్చుని చేసే పనిగా మారాలి.

కొల్లేటి విషయంలో ఇప్పటికీ ఆలస్యం కాలేదు. మరో కమిటీ వేస్తే వేయనివ్వండి. కాని ఈసారి అది కొత్త సూచనలతో మొదలుకాకూడదు. మిత్ర కమిటీ నుంచి అజీజ్ కమిటీ దాకా వచ్చిన సూచనలను ఒక్కొక్కటిగా చదివి, 'ఇది జరిగిందా? జరగకపోతే ఎందుకు?' అని అడగడంతో మొదలుకావాలి. ఆ చదవడం ఏ అతిథిగృహంలోనో కాక, కొల్లేటికోటలోనో, ఉప్పుటేటి గట్టు మీదనో, నందమూరు అక్విడక్టు దగ్గరో జరగాలి. లాకు తలుపులెత్తే లస్కరూ, మురుగులో మునిగే రైతూ, చెరువు కాపలా కాసే మాజీ సంఘ సభ్యుడూ, తెల్లవారుజామున వల దులిపే ఇల్లాలూ అక్కడ ముందు వరసలో కూర్చోవాలి. మన ఊళ్ల విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఆ సూచనల జాబితాను సులభమయిన తెలుగులో రాసి ఊరూరా చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చాంతాడుకు ముడి అక్కడ పడుతుంది.